తప్పులా కనిపించే ఒప్పు

క్రికెట్ మ్యాచ్ జరుగుతుంటే అందరి కళ్లూ బంతి మీదే ఉంటాయి. ఇద్దరి కళ్లు మాత్రం అంపైర్ చేతుల మీద ఉంటాయి. బౌండరీ గీత అవతల, వేపచెట్టు నీడలో, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల. బల్ల మీద రెండు పొడవాటి పుస్తకాలు, గాలికి కాగితాలు ఎగరకుండా రెండు రాళ్లు. ఆ ఇద్దరూ స్కోరర్లు. ఎవరైనా వాళ్లని పలకరిస్తే ఒకే ఒక్క మాట కోసం... ‘‘ఎంతయింది?’’

తిరుపతి లెక్కల సారు ఆ కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. బ్యాటు పట్టింది తక్కువే. ఒకరోజు స్కూలు జట్టుకు స్కోరు రాసే పిల్లవాడు జ్వరమొచ్చి రాలేదు. ‘‘సార్, మీరు లెక్కల సారు కదా, రాయండి’’ అన్నారు పిల్లలు. కూడికలే కదా అనుకుని కూర్చున్నారు. సాయంత్రానికి తెలిసింది, కూడిక అందులో అన్నిటికంటే తేలికైన పని అని.

శేషాచలం కొండల మీంచి పొద్దుటి ఎండ మైదానంలోకి దిగేసరికి ఆయన బల్ల దగ్గర ఉంటారు. జేబులో మూడు పెన్నులు... నీలం, ఎరుపు, ఆకుపచ్చ. ఒక్కో బౌలర్‌కి ఒక్కో రంగు. సంచిలో నీళ్ల సీసా, భార్య కట్టిచ్చిన చిత్రాన్నం. రబ్బరు మాత్రం ఉండదు. ‘‘చెరిపేస్తే తప్పు యాడ జరిగిందో తెలీదు. కొట్టేసి పక్కన రాయాల. అప్పుడే మళ్లీ చూసుకోను వీలవుతాది’’ అంటారు.

మూడు దారులు, ఒకే ఊరు

స్కోరు పుస్తకంలో ప్రతి బంతినీ మూడు చోట్ల రాయాలి. బ్యాట్స్‌మన్ పేరు ఎదురుగా ఒకసారి, బౌలర్ పేరు ఎదురుగా ఒకసారి, మొత్తం పరుగుల వరసలో ఒకసారి. పరుగు రాకపోతే చుక్క. వైడ్ అయితే ప్లస్ గుర్తు. నోబాల్‌కి సున్నా చుట్టాలి. బై అయితే త్రిభుజం, లెగ్ బై అయితే తలకిందుల త్రిభుజం. ఓవర్లో ఆరూ చుక్కలే అయితే వాటిని కలుపుతూ ‘ఎం’ గీస్తారు, మెయిడెన్ అని. ఆ ఓవర్లో వికెట్ కూడా పడితే అదే గీత ‘డబ్ల్యూ’ అవుతుంది.

ఇన్నింగ్స్ ముగిశాక బ్యాట్స్‌మన్ల పరుగులన్నీ కూడి, ఎక్స్‌ట్రాలు కలపాలి. బౌలర్లు ఇచ్చిన పరుగులన్నీ కూడి, వాళ్ల ఖాతాలో పడని బైలు, లెగ్ బైలు, పెనాల్టీలు కలపాలి. ఈ రెండూ మొత్తం స్కోరుతో సరిపోవాలి. మూడు దారుల్లో వచ్చినా చేరేది ఒకే ఊరు. చేరకపోతే ఎక్కడో దారి తప్పినట్టు. లెక్కల సారుకి ఆటకంటే ముందు నచ్చింది ఇదే.

ఎక్కువ బంతులు ఈ పద్ధతిలో ఇట్టే ఒదిగిపోతాయి. రోజుకు ఒకటో రెండో మాత్రం ఒదగవు. స్కోరర్ పనితనం బయటపడేది అక్కడే.

ఎవరూ పరిగెత్తని 5 పరుగులు

వికెట్ కీపర్ వెనక నేల మీద పెట్టిన హెల్మెట్‌కి బంతి తగిలిందనుకోండి. బ్యాటింగ్ జట్టుకి 5 పెనాల్టీ పరుగులు. ఎవరూ పరిగెత్తలేదు, ఎవరూ కొట్టలేదు. ఆ 5 పరుగులు బ్యాట్స్‌మన్‌వి కావు, బౌలర్ ఇచ్చినవీ కావు. జట్టు ఖాతాలో మాత్రం పడాలి. అంపైర్ ఒక చేత్తో రెండో భుజాన్ని పదే పదే తడతాడు. అదే చేతిని రెండో భుజం మీద తట్టకుండా ఊరికే ఉంచితే ఆ 5 పరుగులు ఫీల్డింగ్ జట్టుకి. తట్టడానికీ ఉంచడానికీ మధ్య తేడా 10 పరుగులు!

నోబాల్ బ్యాటుకి తగలకుండా కీపర్‌ని దాటిపోయి, ఇద్దరూ రెండు పరుగులు తీశారనుకోండి. ఒకప్పుడు ఆ మూడూ నోబాల్ కిందే రాసేవారు. 2017 అక్టోబరులో నియమావళి మారాక ఒకటి నోబాల్, రెండు బైలు. మొత్తం స్కోరు మారదు. కానీ బౌలర్ ఖాతాలో మూడు బదులు ఒకటే పడుతుంది. సారు ఆ ఏడాది ఈ మార్పులన్నీ ఒక కాగితం మీద రాసుకుని పుస్తకం అట్ట లోపల అంటించుకున్నారు.

2011లో మాంచెస్టర్‌లో విరాట్ కోహ్లి అంతర్జాతీయ టి20లో వేసిన మొదటి బంతి వైడ్. ఆ వైడ్‌కే కెవిన్ పీటర్సన్ ముందుకొచ్చి ధోని చేతిలో స్టంపౌటయ్యాడు. వైడ్ లెక్కలోకి వచ్చే బంతి కాదు. స్టంపింగ్ వికెట్ మాత్రం బౌలర్‌దే. అంటే ఆ క్షణంలో కోహ్లి లెక్క... వేసిన బంతులు 0, వికెట్లు 1. పుస్తకంలో ఇది చూసిన వాళ్లెవరైనా స్కోరర్ నిద్రపోయాడనే అనుకుంటారు.

2023 నవంబరు 6న ఢిల్లీలో ప్రపంచ కప్ మ్యాచ్. శ్రీలంక ఆటగాడు ఏంజెలో మాథ్యూస్ క్రీజులోకి వచ్చాడు గానీ హెల్మెట్ పట్టీ తెగడంతో నిర్ణీత సమయంలో బంతిని ఎదుర్కోలేకపోయాడు. బంగ్లాదేశ్ అప్పీలు చేసింది. టైమ్డ్ అవుట్! అంతర్జాతీయ క్రికెట్లో అలా ఔటైన మొదటి ఆటగాడు అతనే. ఒక్క బంతి పడకుండానే వికెట్ పడింది. ఆ వికెట్ ఏ బౌలర్‌దీ కాదు. మన మొహిందర్ అమర్‌నాథ్ 1986లో ఆస్ట్రేలియా మీద బంతిని చేత్తో అడ్డుకుని, 1989లో శ్రీలంక మీద ఫీల్డింగ్‌కి అడ్డొచ్చి ఔటయ్యాడు. అవీ బౌలర్ ఖాతాలో పడని వికెట్లే.

‘‘మామూలు బంతిని తప్పుగా రాస్తే అది తప్పుగానే కనిపిస్తాది. వింత బంతిని సరిగ్గా రాస్తే అదీ తప్పుగానే కనిపిస్తాది. అందుకే పక్కన నాలుగు ముక్కలు రాసి పెట్టాల’’ అని కొత్తవాళ్లకి చెబుతుంటారు సారు. ఆ నాలుగు ముక్కలూ ఎందుకో ఆయనకే గట్టిగా తెలిసొచ్చిన రోజు ఒకటుంది.

148 కొట్టాక...

చిత్తూరు దగ్గర ఒక కాలేజీ మైదానంలో కుర్రాళ్ల లీగ్ మ్యాచ్. 30 ఓవర్ల ఆట. తిరుపతి కుర్రాళ్లతో పాటు సారు వ్యానులో వెళ్లారు, వాళ్ల తరఫున స్కోరు రాయడానికి. చిత్తూరు జట్టు తరఫున డిగ్రీ చదివే ఒక అబ్బాయి కూర్చున్నాడు. చురుకైనవాడు. స్కోరు బోర్డు మీద అంకెలు మార్చే పిల్లలకి అంకె అరిచి చెప్పే పని కూడా అతనిదే.

చిత్తూరు జట్టు 148 చేసింది. తిరుపతికి కావలసింది 149. 28 ఓవర్లు ముగిసేసరికి 7 వికెట్లకు 134. రెండు పుస్తకాల్లోనూ అంతే. ప్రతి ఓవర్ చివరా సారు ‘‘ఎంతప్పా?’’ అనడం, అతను చెప్పడం, ఇద్దరూ తలూపడం... పొద్దుటి నుంచీ అలాగే సాగింది.

29వ ఓవర్ మొదలయ్యేసరికి జనం బల్ల చుట్టూ మూగారు. మొదటి బంతికి ఒకటి. రెండో బంతికి ఫోర్. మూడోది చుక్క. నాలుగో బంతిని తిరుపతి కుర్రాడు మిడ్‌వికెట్ వైపు నెట్టి పరిగెత్తాడు. ఒకటి పూర్తి చేసి, బౌలర్ వైపు క్రీజు దగ్గర వెనుదిరిగి, రెండోదానికీ వచ్చేశాడు. పక్కనున్న అబ్బాయి వెంటనే పుస్తకంలో ‘2’ వేసి, బోర్డు పిల్లల వైపు తిరిగి అంకె అరిచాడు.

సారు పెన్ను కదల్చలేదు. బంతి డెడ్ అయ్యేదాకా రాయకూడదన్నది ఆయన నియమం. బంతి బౌలర్ చేతికొచ్చింది. అప్పుడు అంపైర్ మోచెయ్యి మడిచి వేళ్లతో భుజాన్ని తాకాడు. షార్ట్ రన్! కుర్రాడు వెనుదిరిగినప్పుడు బ్యాటు గీత దాటలేదన్నమాట. రెండు పరిగెత్తినా లెక్కకు ఒకటే. సారు చెయ్యెత్తి చూశామని చెప్పారు. పుస్తకంలో ‘1’ వేశారు. అంచున చిన్న అక్షరాలతో రాశారు: ‘28.4 - రెండు పరిగెత్తారు, ఒకటి షార్ట్. స్ట్రైకు మారలేదు.’

ఐదో బంతి చుక్క. ఆరో బంతికి ఒకటి. సారు పుస్తకంలో 141. పక్క పుస్తకంలో 142. బోర్డు మీద 142.

ఆ ఓవర్ చివర మాత్రం సారు ‘‘ఎంతప్పా?’’ అనలేదు. ఎవరో భుజం మీంచి వంగి పుస్తకంలోకి తొంగిచూస్తున్నారు. ఇంకెవరో ‘‘ఇంకెంత కావాల సార్?’’ అని అరుస్తున్నారు. బోర్డు వైపు చూడటం ఆయనకి ముందునుంచీ అలవాటు లేదు. తన పుస్తకం ఉండగా బోర్డెందుకు?

ఆఖరి ఓవర్. ఒకటి. చుక్క. ఒకటి. నాలుగో బంతికి రనౌట్. ఐదో బంతికి మూడు. బోర్డు మీద 147. ఆఖరి బంతికి రెండు కావాలి. కుర్రాళ్లు పాయింట్ వైపు కొట్టి రెండు తీసి బ్యాట్లు గాల్లోకి విసిరారు. తిరుపతి జట్టంతా మైదానంలోకి పరిగెత్తుకొచ్చింది. బోర్డు మీద 149.

సారు పుస్తకంలో 148.

కాగితం మీద సాక్ష్యం

అంపైర్లు బల్ల దగ్గరికొచ్చారు. స్కోరు సరిగ్గా ఉందని తేల్చవలసిన బాధ్యత చివరికి అంపైర్లదే. వాళ్లు స్కోరర్లతో సరిచూసుకుని ఫలితం ఖాయం చేశాక ఇక దాన్ని మార్చడం ఉండదు. ఏం చెప్పినా ఆ పది నిమిషాల్లోనే చెప్పాలి.

‘‘మీ లెక్క ఎంత?’’

‘‘149’’ అన్నాడు అబ్బాయి.

‘‘148’’ అన్నారు సారు.

ముందు కూడికలు చూశారు. సారు పుస్తకం మూడు దారుల్లోనూ సరిపోయింది. అబ్బాయి పుస్తకమూ మూడు దారుల్లోనూ సరిపోయింది! బ్యాట్స్‌మన్‌కి రెండు, బౌలర్‌కి రెండు, మొత్తానికి రెండు... తప్పును మూడు చోట్లా ఒకేలా రాస్తే కూడిక పట్టుకోలేదు. కూడికలో పొరపాటు జరిగితే కూడిక చెబుతుంది. చూడటంలో జరిగితే చెప్పదు.

ఇక ఓవర్ వెంట ఓవర్ వెనక్కి వెళ్లారు. 29వ ఓవర్ నాలుగో బంతి దగ్గర రెండు పుస్తకాలూ విడిపోయాయి. అబ్బాయి ముఖం వెలిగింది. ‘‘చూడండి సార్, మీ పుస్తకంలో ఇక్కడ ఒక పరుగు ఉండాది. ఒక పరుగు తీస్తే స్ట్రైకు మారాల కదా! మీ దాంట్లోనే తర్వాతి బంతి కూడా అదే బ్యాట్స్‌మన్ ఆడినట్టు ఉండాది. అంటే వాళ్లు తీసింది రెండే!’’

అతని తర్కంలో లోపం లేదు. తెలియనివాళ్లు ఎవరు చూసినా తప్పు సారు పుస్తకంలోనే కనిపిస్తుంది. అబ్బాయి పుస్తకం నున్నగా, ఏ అనుమానానికీ తావు లేకుండా ఉంది.

సారు ఏమీ అనలేదు. అంచున రాసిన చిన్న అక్షరాల మీద వేలు పెట్టారు.

అంపైర్ వంగి చదివాడు. ‘‘అవును. నేను భుజం తాకి చూపించినా. ఇక్కడి నుంచి ఒక చెయ్యి లేచింది. రెండోది కూడా లేచేదాకా ఆగాల్సింది’’ అన్నాడు.

148. మ్యాచ్ టై. ఓవర్లు అయిపోయాయి కాబట్టి మళ్లీ ఆడించడానికేమీ లేదు. పాయింట్లు చెరిసగం.

విచిత్రం ఏమిటంటే, అక్కడ ఇద్దరూ తమ జట్టుకి వ్యతిరేకంగానే సాక్ష్యం చెప్పారు. చిత్తూరు అబ్బాయి లెక్క నిలిస్తే చిత్తూరు ఓడిపోయేది. సారు లెక్క నిలవడంతో తిరుపతి చేతిలోని గెలుపు పోయింది. తిరుపతి కెప్టెన్ కుర్రాడు కళ్లనిండా నీళ్లతో వచ్చి ఒకే మాట అన్నాడు... ‘‘సార్, మీరు మనోళ్లే కదా!’’

వ్యానులో

పూతలపట్టు దాటి చంద్రగిరి దగ్గరికి వచ్చేదాకా వ్యానులో ఎవరూ మాట్లాడలేదు. కోట కనిపించే మలుపులో, ఆ షార్ట్ రన్ తీసిన కుర్రాడు ముందు సీట్లోకి వచ్చి సారు పక్కన కూర్చున్నాడు.

‘‘సార్, బ్యాటు నిజంగా గీత తాకలేదా?’’

‘‘అంత దూరం నుంచి నాకెట్ల కనిపిస్తాదప్పా! అంపైర్ నీ బ్యాటును చూసినాడు. నేను అంపైర్‌ని చూసినా. నా పని అంతే.’’

కుర్రాడు కాసేపు ఊరుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. ‘‘అది సరే సార్. బోర్డు మీద 147 చూసి రెండు చాలనుకున్నాం. పాయింట్లో బంతి ఇంకా వాళ్ల చేతికి రాలేదు. 146 అని తెలిసుంటే మూడోదానికి పరిగెత్తేవాళ్లం.’’

దీనికి సారు దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే అతను చెప్పింది నిజం. ఇద్దరు స్కోరర్లూ మాటిమాటికీ సరిచూసుకోవాలని నియమావళే చెబుతుంది. ఆ ఇన్నింగ్స్‌లో 28 సార్లు అడిగిన మనిషి 29వ సారి అడగలేదు. అడిగి ఉంటే తేడా అక్కడే తేలేది, బోర్డు మారేది, ఆఖరి బంతికి మూడు కావాలని కుర్రాళ్లకి తెలిసేది. వస్తుందో రాదో వేరే మాట. పరిగెత్తే అవకాశమన్నా దక్కేది. సరిగ్గా రాయడం ఒక ఎత్తు. రాసింది పక్కవాడికి వినిపించడం ఇంకో ఎత్తు. తన పుస్తకం మీద ఉన్న నమ్మకమే ఆయన్ని రెండోదానికి దూరం చేసింది.

‘‘అది నా తప్పే నాయనా’’ అన్నారు సారు. కుర్రాడు ఆ మాట కోసం రాలేదేమో, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఆ రాత్రి భోజనం దగ్గర భార్య అడిగింది, ‘‘ఏమండీ, గెలిచినారా?’’ అని. ‘‘లెక్క గెలిచింది’’ అన్నారాయన. సంగటి ముద్ద సగం అలాగే మిగిలిపోయింది.

ఎవరి పని వాళ్లది

తప్పుల నుంచి పెద్ద పెద్ద మైదానాలు కూడా తప్పించుకోలేదు. 1949 ఫిబ్రవరిలో బొంబాయి బ్రబోర్న్ స్టేడియంలో వెస్టిండీస్ మీద టెస్టు. భారత్ లక్ష్యం 361. 8 వికెట్లకు 355 దగ్గర ఆట ఆగిపోయింది, గెలుపుకి 6 పరుగుల దూరంలో. ఓవర్లో ఇంకా ఒక బంతి మిగిలి ఉండగానే అంపైర్ బెయిల్స్ ఎత్తేశాడు. వెస్టిండీస్ మీద మన మొదటి టెస్టు విజయం అలా చేజారి, 1971 దాకా ఆగవలసి వచ్చింది.

2019 జులై 14న లార్డ్స్‌లో ప్రపంచ కప్ ఫైనల్. ఆఖరి ఓవర్లో గప్టిల్ విసిరిన బంతి, పరిగెత్తుతూ డైవ్ చేసిన స్టోక్స్ బ్యాటుకి తగిలి బౌండరీకి పోయింది. అంపైర్ 6 ఇచ్చాడు. బంతి విసిరే సమయానికి బ్యాట్స్‌మన్లు రెండో పరుగులో ఒకరినొకరు దాటలేదు కాబట్టి నియమం ప్రకారం రావలసింది 5. మ్యాచ్ టై అయింది, సూపర్ ఓవరూ టై అయింది, బౌండరీల లెక్కతో ఇంగ్లండ్‌కి కప్పు దక్కింది. పొరపాటు జరిగిందని అంపైర్ ధర్మసేన తర్వాత ఒప్పుకున్నాడు. మరి ఆ రోజు స్కోరర్లు 5 అని రాయాల్సిందా? కూడదు. అంపైర్ 6 చూపించాడు, వాళ్లు 6 రాశారు. తీర్పు చెప్పడం ఒకరి పని, రాయడం ఇంకొకరి పని. రాసేవాళ్లు తీర్పులు కూడా దిద్దడం మొదలుపెడితే ఏ పుస్తకాన్నీ నమ్మడానికి ఉండదు.

ఆ కాగితాల విలువ తెలియాలంటే 1983 జూన్ 18ని తలుచుకోవాలి. టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద భారత్ 17 పరుగులకే 5 వికెట్లు పోగొట్టుకుంది. కపిల్‌దేవ్ 175 నాటౌట్. మొత్తం స్కోరు 8 వికెట్లకు 266. ఆ మ్యాచ్‌ని టీవీ కెమెరాలు చిత్రీకరించలేదు. 138 బంతుల్లో 16 ఫోర్లు, 6 సిక్సర్లు అని ఈ రోజుకీ చెప్పుకోగలుగుతున్నామంటే, ఆ రోజు బల్ల దగ్గర తల వంచుకుని రాసిన వాళ్ల చలవే.

జిల్లా మ్యాచ్‌లకి కెమెరాలు రావు. ఏ కుర్రాడు ఎన్ని కొట్టాడో, ఎవడు ఎన్ని వికెట్లు తీశాడో చెప్పేది ఆ పుస్తకమే. సెలక్షన్లకి వెళ్లే పిల్లవాడి వెంట వెళ్లేది ఆ కాగితమే.

ఇప్పుడు చాలా చోట్ల పుస్తకం బదులు ఫోన్ వచ్చింది. క్రిక్‌హీరోస్ లాంటి యాప్‌లు కూడికలన్నీ అవే చూసుకుంటాయి. సారుకి వాటి మీద కోపం లేదు. ఒక్కటే చెబుతారు. ‘‘ఒకటి నొక్కితే ఫోను దానంతటదే స్ట్రైకు మార్చేస్తాది. షార్ట్ రన్ అయితే మళ్లా నువ్వే వెనక్కి తిప్పాల. తిప్పాలని దానికి తెలీదు, నీకు తెలుసుండాల.’’

ఆయన పాత పుస్తకాల మీద చిత్తూరు జిల్లా అని ఉంటుంది. 2022లో తిరుపతి వేరే జిల్లా అయ్యాక కొత్త పుస్తకం కొన్నారు. దాని మొదటి పేజీలో జట్ల పేర్ల కంటే ముందు, ఎర్ర సిరాతో ఒక వాక్యం రాసి ఉంటుంది: ‘చివరి ఐదు ఓవర్లూ బంతి బంతికీ మొత్తం పైకి చెప్పవలెను. బోర్డు చూడవలెను.’

ఇప్పుడు ఏ మ్యాచ్‌లోనైనా ఆఖరి ఓవర్లలో వేపచెట్టు వైపు చెవి పెడితే, అరుపుల మధ్య రెండు గొంతులు వినిపిస్తాయి. ‘‘నూట నలభై ఒకటి’’ అంటుంది ముసలి గొంతు. ‘‘నూట నలభై ఒకటి’’ అంటుంది పక్కన ఫోన్ పట్టుకున్న పడుచు గొంతు. మైదానం మధ్యలో అంపైర్ చెయ్యి కదులుతుంది. చెట్టు కింద నుంచి రెండు చేతులు లేస్తాయి. రెండూ లేచాకే తర్వాతి బంతి.